పట్టీలో గడి లేని ఊళ్లు

మన తెలంగాణ బొగ్గు మీద చట్టసభలో తొలి విచారణ జరిగింది ఢిల్లీలో కాదు, హైదరాబాదులో కాదు. లండన్‌లో. 1888లో బ్రిటిష్ కామన్స్ సభ ఒక సెలెక్ట్ కమిటీని వేసి హైదరాబాద్ దక్కన్ మైనింగ్ కంపెనీ వ్యవహారం తేల్చమంది. అప్పటికి బొగ్గు తవ్వకం సరిగ్గా మొదలు కూడా కాలేదు.

అంతకు పదిహేడేళ్ల ముందు, 1871లో, జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు పొర గుర్తించాడు. 1886లో నిజాం సర్కారు రాజ్యంలోని ఖనిజాలు తవ్వుకునే హక్కును వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు దొరలకు రాసిచ్చింది. వాళ్లు లండన్‌లో కంపెనీ పెట్టారు. పది లక్షల పౌండ్ల మూలధనమని ప్రకటించి, షేర్లలో పెద్ద భాగం పైసా కట్టకుండా తమ దగ్గరే ఉంచుకున్నారు. అందులో ఒక వాటా ఈ బేరం కుదిర్చిన నిజాం అధికారి సర్దార్ అబ్దుల్ హక్‌కు ముట్టింది. ఆ షేర్లనే ఆయన అసలు ధర కంటే ఎక్కువకు నిజాం ప్రభుత్వం చేత కొనిపించాడు. కొన్నది సర్కారు, అమ్మింది సర్కారు నౌకరు. సంగతి బయటపడి కామన్స్ సభ దాకా పోయింది. నిజాం తరఫున మాట్లాడడానికి మొహసిన్ ఉల్ ముల్క్ ఓడెక్కి లండన్ వెళ్లాడు. అబ్దుల్ హక్ కొలువు పోయింది.

ఆ విచారణలో ఎవరికి ఎన్ని షేర్లు, ఏ రోజు ధర ఎంత, ఎవరు ఎవరిని మోసం చేశారు అన్నవన్నీ తిరగేశారు. నేల కిందికి దిగబోయే మనిషి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తమని అడిగేవాళ్లు ఆ సభలో లేరు. నూట ముప్పై ఏళ్ల పైచిలుకు చరిత్రలో ఇదే నాకు పదే పదే కనిపిస్తుంది: ప్రశ్న వేసినవాడికి ఏది కావాలో అదే లెక్కలోకి ఎక్కింది. అడగనిది రాయలేదు, రాయనిది జరగనట్టే అయింది.

నేనీ మాట అనడానికి కారణం నా ఉద్యోగం. మా నాయిన గోదావరిఖనిలో కోల్ ఫిల్లర్. తట్ట, చెమ్మస్ (పార) పట్టుకుని బాయిలోకి దిగి, టబ్బు నింపి, సుద్దతో తన నంబరు రాసి పంపేవాడు. నేను నాలుగక్షరాలు చదువుకున్నందుకు పైనే మిగిలాను. ఒక ఏరియా ఆఫీసులో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యాను. నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చిన పని పార్లమెంటు ప్రశ్నలకు లెక్కలు కూర్చడం.

ఆ పని ఎలా నడుస్తుందో బయటివాళ్లకు తెలియదు. ఢిల్లీలో ఒక ఎంపీ ప్రశ్న వేస్తాడు. చుక్క గుర్తు ఉన్న ప్రశ్నయితే మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి, మీద అనుబంధ ప్రశ్నలు పడతాయి. గుర్తు లేనిదైతే జవాబు కాగితం మీద పెడితే సరిపోతుంది. ప్రశ్న బొగ్గు శాఖకు, అక్కడి నుంచి కొత్తగూడెం హెడ్డాఫీసుకు, అక్కడి నుంచి ఏరియాలకు వస్తుంది. ఏరియా నుంచి గని గనికీ ఫోను. మొదట్లో టెలెక్స్, తర్వాత ఫ్యాక్స్, ఆ తర్వాత మెయిలు. రోజుల వ్యవధే ఉంటుంది కాబట్టి కాగితం వచ్చిన పూట ఆఫీసంతా ఒకటే ఉరుకులాట. "ఢిల్లీ కాయితం వచ్చింది, ఇయ్యాల ఇంటికి పోయేది లేదు" అని మా సూపరింటెండెంటు సారు తలుపులో నుంచే అనేవాడు. ఆయన భయం నాకు నచ్చేది. ఎక్కడో కూర్చున్న ఒక మనిషి అడిగిన నాలుగు వాక్యాలకు గని మేనేజరు దాకా అందరూ కదిలి లెక్క చెప్పవలసి రావడం చిన్న విషయం కాదు. మా నాయిన ముప్పై ఏళ్లు అడిగినా దొరకని జవాబు, సభలో అడిగితే వారంలో దొరికేది.

ప్రశ్నతో పాటు ఒక పట్టీ వచ్చేది, నిలువు గడులు గీసి. ఉత్పత్తి, టన్నుల్లో. మట్టి తొలగింపు, క్యూబిక్ మీటర్లలో. ఒక షిఫ్టుకు ఒక మనిషి తీసిన బొగ్గు. సమ్మెల వల్ల పోయిన పనిదినాలు. ప్రాణాంతక ప్రమాదాలు, తీవ్ర ప్రమాదాలు. నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనులు పెరిగాక ఇంకో వరస చేరింది: సేకరించిన భూమి, హెక్టార్లలో, పట్టా ఎంత, సర్కారుది ఎంత, అడవి ఎంత.

ఆ భూమి గడి నింపుతున్న రోజుల్లోనే ఊరు పోతున్న ఒక కుమ్మరి పెద్దాయన మా ఆఫీసు వరండాలో కూర్చునేవాడు. ఆయనకు భూమి లేదు. ఊరి చెరువు మన్నుతో కుండలు చేసి బతికాడు. తరం తరం ఆ మన్ను అడిగినవాడు లేడు, అమ్మినవాడు లేడు. చెరువు సర్కారుది కాబట్టి సర్కారు భూమి గడిలో పడింది. "నా చెరువు మన్ను ఏ గడిల రాస్తవు బిడ్డా?" అని ఆయన నన్ను అడిగాడు. పట్టీని తిప్పి తిప్పి చూశాను. అటువంటి గడి లేదు. కౌలుకు దున్నేవాళ్లకు, చాకలికి, మంగలికి, మేకలు కాసేవాళ్లకు కూడా లేదు. ఢిల్లీ అడిగింది హెక్టార్లు. మేం పంపింది హెక్టార్లు. ఆ జవాబులో ఒక్క అబద్ధం లేదు. ఆ ఊరూ లేదు.

కరీంనగర్, ఆదిలాబాద్‌లలోకి బొగ్గు పని ఎలా వచ్చిందో చెప్పాలి. ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది. గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు పోవాలంటే రైలు కావాలి. కాజీపేట – బల్లార్షా లైను 1929లో పూర్తయ్యాక బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం ఒక్కసారిగా మద్రాసు – ఢిల్లీ దారి మీదికి వచ్చాయి. ముందు బెల్లంపల్లి, తర్వాత మందమర్రి, ఆ తర్వాత గోదావరిఖని, శ్రీరాంపూర్. 1945లో నిజాం సర్కారు కంపెనీ షేర్లలో మెజారిటీ కొనేసింది. రాష్ట్రాలు మారినప్పుడు ఆ షేర్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. తర్వాత కేంద్రం వాటా పెరిగి చివరికి రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతంగా స్థిరపడింది.

1973లో దేశంలోని బొగ్గు గనులను జాతీయం చేసి, ఆ తర్వాత కోల్ ఇండియాను పెట్టినప్పుడు మన కంపెనీ అందులో కలవలేదు. అప్పటికే అది ప్రభుత్వానిది కదా. దీనివల్ల జరిగినదాన్ని మా కోల్‌బెల్ట్‌లో చాలామంది పట్టించుకోలేదు గానీ నా లెక్కన అదే అసలు సంగతి. మన గనులకు రెండు సభలు పెద్దలయ్యాయి. కంపెనీ వార్షిక నివేదిక పార్లమెంటు ముందూ పెట్టాలి, అసెంబ్లీ ముందూ పెట్టాలి. చూడడానికి ఇది రెట్టింపు తనిఖీ. ఆచరణలో ఢిల్లీలో అడిగితే యాజమాన్యం రాష్ట్రానిదని, హైదరాబాదులో అడిగితే బొగ్గు విధానం కేంద్రానిదని చెప్పే వీలు దొరికింది. కోల్ ఇండియా గనులున్న ధన్‌బాద్ ఎంపీ ఒక మంత్రిని నిలదీస్తే సరిపోయేది. పెద్దపల్లి ఎంపీ ఇద్దరిని నిలదీయాలి, ఇద్దరూ ఒకే గదిలో ఉండరు.

1973లో చమురు ధరలు మండిపోయాక ఢిల్లీకి బొగ్గు మీద మళ్లీ ప్రేమ పుట్టింది. సుఖమయ్ చక్రవర్తి అధ్యక్షతన ఉన్న ఇంధన విధాన కమిటీ 1974లో బొగ్గే దేశానికి ప్రధాన ఇంధనమని తేల్చింది. 1975 నవంబరులో ఎన్టీపీసీ పుట్టింది. గని నోటి దగ్గరే పెద్ద పెద్ద థర్మల్ స్టేషన్లు కట్టాలన్న ఆలోచనకు దక్షిణాదిలో దొరికిన చోటు రామగుండం. బొగ్గు ఉంది, గోదావరి ఉంది, రైలు ఉంది. 1978 నవంబరు 14న ప్రధాని మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేశారు. ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చింది. 1983లో తొలి 200 మెగావాట్ల యూనిట్ తిరిగింది. ఏడో యూనిట్‌తో కలిపి అది 2600 మెగావాట్లకు చేరింది.

అంతకుముందు రామగుండానికి కరెంటు తెలియదని కాదు. పాత స్టేషన్ ఒకటి ఉండేది, 1971లో మొదలైన 62.5 మెగావాట్ల 'బి' స్టేషన్ ఉండేది. అవి మన జిల్లాల కరెంటు. కొత్తది మద్రాసు, బెంగళూరు, కేరళ దాకా పోయే కరెంటు. అందులో తప్పు లేదు, దేశమన్నాక పంచుకోవాలి. పంచుకోనిది బూడిద ఒక్కటే. మన బొగ్గు వంద టన్నులు కాలిస్తే ముప్పై, నలభై టన్నుల బూడిద మిగులుతుంది. తీగల మీద కరెంటు వెళ్లిపోతుంది, బూడిద కుందనపల్లి వైపు చెరువులో నిలుస్తుంది. దేశంలో ఈ బూడిదను వాడి తీరాలని పర్యావరణ శాఖ తొలి నోటిఫికేషన్ ఇచ్చింది 1999లో, రామగుండంలో తొలి యూనిట్ తిరిగిన పదహారేళ్లకు. ఆ పదహారేళ్లలో సభలో మెగావాట్ల మీద వచ్చిన ప్రశ్నలకు లెక్కలేదు.

పక్కనే ఎఫ్‌సీఐ, అంటే ఎరువుల కార్పొరేషన్ కర్మాగారం. బొగ్గు నుంచి ఎరువు తీయాలన్న ధైర్యమైన ప్రయత్నం రామగుండంలో ఒకటి, ఒడిశాలోని తాల్చేరులో ఒకటి. 1980లో ఉత్పత్తి మొదలైంది. సాంకేతికత కుదురుకోలేదు, కరెంటు నిలకడగా రాలేదు, యంత్రాలు తరచూ ఆగాయి. నష్టాల జాబితాలో సభ ముందుకు వస్తూ వస్తూ 1999లో మూతపడింది. దానిమీద అడిగిన ప్రశ్నలన్నీ నష్టం ఎంత, ఎప్పుడు మూస్తారు, ఎందరికి స్వచ్ఛంద విరమణ అన్నవే. బొగ్గుతో ఎరువు తీయడంలో ఎక్కడ తప్పాం, ఏం నేర్చుకున్నాం అన్నది దేశానికి పనికొచ్చే ప్రశ్న. దాని మీద నిలబడి పోరాడినవాళ్లు సభలో కనిపించరు. 2021లో అదే చోట ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా తీసే కొత్త కర్మాగారం మొదలైంది. అది గ్యాసుతో నడుస్తుంది. బొగ్గు నడుమ కూర్చుని గ్యాసు కోసం పైపు వేసుకున్నాం.

1993 ఏప్రిల్‌లో పార్లమెంటులో పెద్ద మార్పు వచ్చింది. శాఖల వారీగా పదిహేడు స్థాయీ సంఘాలు ఏర్పడ్డాయి. అందులో ఇంధనానిది ఒకటి. కరెంటు, బొగ్గు అప్పుడు దాని కిందే ఉండేవి. 2004లో బొగ్గు, ఉక్కుకు వేరే సంఘం పెట్టారు. సభలో అరుపుల మధ్య జరగని పని ఈ సంఘాల గదుల్లో జరుగుతుంది. అధికారులను కూర్చోబెట్టి ఖర్చులు అడుగుతారు, నివేదిక రాస్తారు, దానిమీద ఏం చేశారో మళ్లీ అడుగుతారు. ఈ సంఘాలు ఏర్పడినప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు. 1957 నుంచి ఇరవై ఏళ్లు మంథని ఎమ్మెల్యే. ఆ 1993 జూన్‌లోనే ఆయన ప్రభుత్వం జాతీయకరణ చట్టాన్ని సవరించి, సొంత అవసరాలకు కరెంటు కంపెనీలు బొగ్గు తవ్వుకునే దారి తెరిచింది. ఆ దారిలో ఇచ్చిన కేటాయింపుల్లో 214ను సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరులో కొట్టేసింది. తనిఖీ చేసే సంఘమూ, తనిఖీ తప్పించుకున్న కేటాయింపులూ ఒకే ఏడాది, ఒకే ప్రభుత్వం చేతి మీదుగా పుట్టాయి. మంథని వాళ్లం పి.వి.ని తలుచుకునేటప్పుడు ఈ రెండూ కలిపే చెప్పుకోవాలి.

ఆ తొంభైల దశకంలోనే మన కంపెనీ నష్టాల్లో మునిగి ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది. మా ఇళ్లల్లో అన్నం ముందు కూడా అదే మాట. కాకా అని మేం పిలుచుకునే జి. వెంకటస్వామి పెద్దపల్లి నుంచి గెలిచి కేంద్రంలో కార్మిక మంత్రిగా చేశాడు. బొగ్గు కార్మికుడికి పెన్షను కావాలని ఆయన పట్టుబట్టిన సంగతి బాయి మీద పనిచేసిన ప్రతివాడూ చెప్తాడు. 1998లో ఆ పథకం అమల్లోకి వచ్చింది. అంతకుముందు దిగిపోయిన కార్మికుడికి చేతికొచ్చిన ఫండు డబ్బు తప్ప నెలనెలా వచ్చేది లేదు. కరువు భత్యంతో ముడిపెట్టకపోవడం వల్ల అప్పుడు దిగినవాడి పెన్షను ఇప్పటి ధరల ముందు చిన్నబోయింది. అయినా ఆ గడి పట్టీలో చేరింది మన ప్రాంతం మనిషి అడిగినందుకే.

2003 గురించి రాయకుండా ముందుకు పోలేను. జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. నాలుగు నెలలకు, అక్టోబరు 16న, 8ఏ గనిలో పైకప్పు కూలి పది మంది. ఆ ఏడాది ఖనిలో సందు సందుకూ ఏడుపే. తర్వాత సభల్లో జవాబులు వచ్చాయి. ప్రమాదాలను కొలిచే పద్ధతి ఒకటుంది: పది లక్షల టన్నుల బొగ్గుకు ఎన్ని మరణాలు అని. ఇంకొకటి మూడు లక్షల షిఫ్టులకు ఎన్ని అని. మొదటి అంకెను చూడండి. ఓపెన్‌కాస్టు పెంచితే తక్కువ మందితో ఎక్కువ టన్నులు వస్తాయి. భాగహారంలో కింది అంకె పెద్దదవుతుంది, ఫలితం ఏటేటా తగ్గుతుంది. భూగర్భ గనిలోకి దిగే మనిషి నెత్తి మీది పైకప్పు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. ఆ జవాబు విని సభ తృప్తి పడింది. భూగర్భానికి వేరుగా, ఓపెన్‌కాస్టుకు వేరుగా, కాంట్రాక్టు కార్మికుడికి వేరుగా లెక్క చెప్పండి అని పట్టుబట్టడానికి బాయి తెలిసిన మనిషి కావాలి.

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తెలంగాణ బిల్లును ఆమోదించింది. తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయి, గోల మధ్య మూజువాణి ఓటుతో. మేం రోడ్ల మీద ఎగిరాం, ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. అదే చట్టంలో మన బొగ్గు, కరెంటు రాతలు ఉన్నాయి. పన్నెండో షెడ్యూలులో సింగరేణి వాటా 51 తెలంగాణకు, 49 కేంద్రానికి. పదమూడో షెడ్యూలులో ఒక్క వాక్యం: అవసరమైన బొగ్గు కేటాయింపులు చేసుకున్నాక ఎన్టీపీసీ తెలంగాణలో 4000 మెగావాట్ల కేంద్రం పెట్టాలి. గడువు లేదు. బొగ్గు ఎక్కడిదో లేదు. ఎవరి ఊళ్లు, ఎవరి నీళ్లు అన్నది లేదు. ఆ వాక్యం మీద సభలో నిమ్మళంగా ఒక గంట చర్చ జరిగి ఉంటే ఈ ఖాళీలు అక్కడే పూడేవి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ కోమటిబండలో ప్రధాని మోదీ తొలి విడత 1600 మెగావాట్లకు శంకుస్థాపన చేశారు. అందులో రెండో యూనిట్‌ను జాతికి అంకితం చేసింది 2024 మార్చి 4న, ఆదిలాబాద్‌లో. నాలుగు వేలలో పదహారు వందలకే పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ మన ఎంపీలు, పార్టీ ఏదైనా, ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని మంత్రులను అడుగుతూ వచ్చారు.

2021 డిసెంబరులో బొగ్గు బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా మూడు రోజుల సమ్మె జరిగింది. వేలానికి పెట్టిన నాలుగింటిలో కల్యాణిఖని, శ్రావణపల్లి మంచిర్యాల జిల్లావి. 2024 జూన్‌లో హైదరాబాదులోనే మొదలుపెట్టిన వేలంలో శ్రావణపల్లి మళ్లీ ఉంది. దానిమీద వాదనలన్నీ సింగరేణికా, ప్రైవేటుకా అన్న దగ్గరే ఆగాయి. అది పెద్ద ప్రశ్నే, నా మనసు కంపెనీ వైపే. కానీ ఎవరు తవ్వినా మిగిలే గుంత ఒకటే. గని మూతపడ్డాక భూమిని ఏం చేస్తారో ముందే ప్రణాళిక రాయాలని, అందుకు డబ్బు ఎస్క్రో ఖాతాలో వేయాలని 2009లోనే బొగ్గు శాఖ నిబంధన పెట్టింది. మన జిల్లాల్లో ఆ ఖాతాల గురించి ఊళ్లల్లో మాట్లాడుకోగా నేను వినలేదు.

మా పెన్షనర్ల సంఘం ఆఫీసులో ఎంపీల కోసం నేనిప్పుడు ప్రశ్నలు రాసిస్తుంటాను. ఏ మాట ఎక్కడ పెడితే తప్పించుకోవడానికి వీలుండదో జవాబులు కూర్చినవాడికే బాగా తెలుస్తుంది. ఈ సమావేశాలకు రాసినది ఇది:

బొగ్గు శాఖ మంత్రి ఈ కింది విషయాలు తెలుపుతారా: (అ) ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఓపెన్‌కాస్టు గనుల కింద పోయిన చెరువులు, కుంటలు ఎన్ని, గని వారీగా, ఊరి వారీగా, (ఆ) ఆ ఊళ్లల్లో పట్టా భూమి లేకుండా చెరువు మీద, అడవి మీద, కౌలు మీద బతికిన కుటుంబాలు ఎన్ని, వాటిలో పునరావాసం అందినవి ఎన్ని, (ఇ) తవ్వకం పూర్తయిన గుంతల్లో పూడ్చినవి ఎన్ని, ఒక్కో గని ఎస్క్రో ఖాతాలో ఉన్న సొమ్ము ఎంత, ఇప్పటిదాకా ఖర్చు చేసింది ఎంత, (ఈ) గత పదేళ్లలో ప్రమాదాల్లో చనిపోయినవారిలో భూగర్భ గనుల వారు, ఓపెన్‌కాస్టుల వారు, కాంట్రాక్టు కార్మికులు వేర్వేరుగా ఎందరు, (ఉ) ఈ లెక్కలు ప్రభుత్వం దగ్గర ఉంటే ఆ వివరాలు, లేకపోతే ఇన్నేళ్లూ సేకరించకపోవడానికి కారణాలు?